పోటు కాదు, ఎర్రనీరు!

మీరు ఎప్పుడైనా మా అంతర్వేది వచ్చారా? మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి మీ పెద్దవాళ్ళతో వచ్చే ఉంటారు. రాకపోతే పటం తీసి చూడండి. నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి వస్తుంది. అక్కడినుంచి కొద్ది మైళ్ళు పోతే అంతర్వేది. గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది.

సముద్రం పక్కనే ఉండటంవల్ల మా ఊరి పిల్లలకు నీరు పెరగడం, తగ్గడం చిన్నప్పటినుంచీ తెలుసు. నీరు పొంగితే పోటు, వెనక్కు తీస్తే ఆటు. ఆరుగంటలు ఓపిక పడితే పొంగిన నీరు తీసేస్తుంది. అందుకే పోటును చూసి ఇక్కడ ఎవ్వరూ కంగారు పడరు.

అలా కంగారు పడకపోవడమే ఒకసారి మా కుటుంబం ప్రాణం మీదికి తెచ్చింది. తప్పు చేసింది మరెవరో కాదు, పాతికేళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్న ఈ మాష్టారే! ఆ కథ మీకు చెబుతాను. అందులో సైన్సు ఎక్కడ ఉందో, నేను ఎక్కడ పొరపాటు పడ్డానో మీరే కనిపెట్టండి.

పాపికొండల నడుమ

ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి అయిదో తరగతి. బడులు తెరిచి రెండు వారాలయింది. జూన్ నెలాఖరు. "మన ఊళ్ళో గోదావరి సముద్రంలో కలవడం రోజూ చూస్తున్నాం. కొండల్లో ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించు నాన్నా" అని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. సరే, శని ఆదివారాలు వెళ్ళి వద్దామనుకున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ, పిల్లలిద్దరు. వరికుప్పల మీద కప్పే టార్పాలిన్ ఒకటి, నాలుగు వెదురు కర్రలు, కొబ్బరితాడు, రెండు గిన్నెలు, లాంతరు, ఒక డబ్బా నిండా పులిహోర. ఇదీ మా సామాను.

రాజమండ్రిదాకా బస్సు, ఆపైన లాంచీ. దేవీపట్నం దాటాక రెండు వైపులనుంచీ కొండలు దగ్గరికి జరిగాయి. ధవళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డు కంటికి ఆనని గోదావరి, ఇక్కడ గట్టిగా పిలిస్తే అవతలివాళ్ళకు వినిపించేటంత సన్నబడింది. ఇవే పాపికొండలు. తూర్పు కనుమలను కోసుకుని నది మైదానంలోకి వచ్చే దారి ఇది.

పేరంటపల్లి చేరువలో ఒక కొండరెడ్ల పల్లె దగ్గర దిగాం. పల్లె ఒడ్డుమీద ఎత్తుగా ఉంది. కింద నీటి అంచున తెల్లని ఇసుక తిన్నె. మెత్తగా, చదునుగా, పరుపు పరిచినట్టుంది. గుడారం వేసుకోవడానికి ఇంతకన్నా మంచిచోటు ఎక్కడ దొరుకుతుంది? నీటికి పదిగజాల దూరంలో వెదురు కర్రలు పాతి టార్పాలిన్ కట్టాం. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాం.

ఇసుక చెప్పిన మాట

చీకటి పడటానికి ఇంకా సమయం ఉంది. మా అమ్మాయి అంతర్వేదినుంచి ఒక చిన్న సీసాలో ఇసుక తెచ్చింది. ఇక్కడి ఇసుకను దాని పక్కన పోసి భూతద్దంతో చూసింది. మా ఊరి ఇసుక సన్నగా ఉంది. ఇక్కడిది ఆవగింజంత గింజలతో గరుకుగా ఉంది. మధ్యమధ్య గులకరాళ్ళు. రెండింటిలోనూ ఎర్రని గింజలు, నల్లని గింజలు ఉన్నాయి.

"ఈ రెండూ చుట్టాలే" అన్నాను నేను. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే శిల విస్తారంగా ఉంది. అందులో క్వార్ట్జ్, గార్నెట్ మొదలైన ఖనిజాలు ఉంటాయి. ఎండకు, వానకు శిల చివికి పొడి అవుతుంది. ఆ పొడిని నది మోసుకుపోతుంది. ఎర్రగా మెరిసేవి గార్నెట్ గింజలు. నల్లనివాటిలో ఇల్మనైట్ వంటి బరువు ఖనిజాలు ఉంటాయి. క్వార్ట్జ్ సాంద్రత నీటికి 2.65 రెట్లయితే, గార్నెట్ సాంద్రత దాదాపు 4 రెట్లు, ఇల్మనైట్‌ది 4.7 రెట్లు. అందుకే అల తేలికపాటి తెల్లగింజలను లాగేసుకుని, బరువైన నల్లగింజలను చారలుగా వదిలేస్తుంది. మా సముద్రపు ఒడ్డున కనిపించే నల్ల ఇసుక అలా ఏర్పడిందే.

"మరి ఇక్కడ గింజలు పెద్దవిగా ఎందుకున్నాయి?" అని అడిగింది అమ్మాయి.

"వేగంగా పోయే నీరు పెద్ద గింజలను కూడా మోస్తుంది. వేగం తగ్గినప్పుడు ముందు పెద్దవాటిని వదిలేస్తుంది. సన్నవి సముద్రందాకా వస్తాయి" అని గర్వంగా చెప్పాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కాని దాన్నుంచి తేల్చుకోవలసిన ముఖ్యమైన సంగతి నాకు తట్టలేదు. మీకు తట్టిందా?

మా అబ్బాయి అంతలోనే ఇంకో ప్రశ్న వేశాడు. ఒడ్డున ఉన్న పొదల్లో, నా తలకన్నా ఎత్తున, కొమ్మలకు ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉన్నాయి. "నాన్నా, అంత ఎత్తున గడ్డి ఎవరు పెట్టారు?" అని అడిగాడు. "ఏదో పిట్టగూడు అయ్యుంటుందిలే" అనేశాను. అది పిట్టగూడు కాదని తరవాత తెలిసింది.

కొలకర్ర

మా ఇంటి దగ్గర రేవులో పోటు ఎంత పెరిగిందో కొలవడానికి పిల్లలచేత నేను కర్రలు పాతించేవాణ్ణి. ఆ అలవాటుకొద్దీ మా అమ్మాయి ఒక వెదురు బద్దకు అంగుళం అంగుళానికి గాట్లు పెట్టి నీటి అంచున పాతింది. అప్పుడు సాయంత్రం అయిదయింది. ఆరింటికి చూస్తే నీరు ఒక అంగుళం పెరిగింది. ఏడింటికి మూడు అంగుళాలు. ఎనిమిదింటికి ఏడు.

ఆకాశం నిర్మలంగా ఉంది. నక్షత్రాలు మిలమిల మెరుస్తున్నాయి. ఆ రోజు ఒక్క చినుకు కూడా పడలేదు. పులిహోర తిని, పిల్లలు కథలు చెప్పించుకుంటున్నారు.

"నాన్నా, నీరు పెరుగుతోంది" అంది అమ్మాయి.

"పోటమ్మా. అర్ధరాత్రికి తీసేస్తుంది. పడుకోండి" అన్నాను.

అది పడుకోలేదు. కాసేపు ఆలోచించి ఇలా అడిగింది: "నాన్నా, ధవళేశ్వరంలో ఆనకట్ట ఉంది కదా! పోటు దాన్ని ఎలా దాటింది?"

ఒక్కసారిగా నా ఒళ్ళు చల్లబడింది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కు కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట, దాని స్థానంలో తరవాత కట్టిన బారేజీ ఉన్నాయని బళ్ళో పాఠం చెప్పేది నేనే. బారేజీ వెనక నిలిచే నీరు సముద్రమట్టానికి పది మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. మా తీరంలో పెద్దపోటు కూడా రెండు మీటర్లు లేవదు. అలాంటప్పుడు సముద్రపు పోటు పాపికొండలకు ఎలా వస్తుంది?

సరిగ్గా అప్పుడే ఒడ్డుమీదనుంచి ఒక ముసలాయన లాంతరు పట్టుకుని గబగబా దిగివచ్చాడు. పల్లెలో పెద్దమనిషి.

"ఇక్కడెందుకు పడుకున్నారయ్యా? నీళ్ళు చూశారా?" అన్నాడు.

"పోటనుకున్నాం తాతా" అన్నాను.

"పోటేంటయ్యా! ఎర్రనీరొత్తంది. పిల్లల్నేసుకుని పైకొచ్చెయ్యండి. సామాను నేనందుకుంటాను" అన్నాడు.

లాంతరు వెలుగులో దోసెడు నీళ్ళు తీసి చూపించాడు. సాయంత్రం అడుగు కనిపించేటంత తేటగా ఉన్న నీరు ఇప్పుడు బెల్లం కలిపినట్టుంది. పైన ఎండుటాకులు, పుల్లలు, నురుగు తేలుతున్నాయి. మా అమ్మను నేను పట్టుకున్నాను. పిల్లలు ముందు నడిచారు. గుడారం విప్పి, చేతికందిన సామాను తీసుకుని, పల్లెలో ఒక చింతచెట్టు కిందికి చేరాం. ఆ రాత్రి ఆ పెద్దాయన ఇంటి అరుగుమీదే పడుకున్నాం.

తెల్లవారి చూస్తే తిన్నె లేదు. మా గుడారం వేసినచోట నడుములోతు నీరు సుడులు తిరుగుతూ పోతోంది. మూడు రాళ్ళ పొయ్యి, అమ్మాయి పాతిన వెదురు బద్ద ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. మా అమ్మ ఏమీ అనకుండా మనవరాలి తల నిమిరింది.

వాన పడకుండా వరద ఎలా వచ్చింది?

మేమున్నచోట చినుకు లేదు. మరి నీరు ఎక్కడిది? మర్నాడు లాంచీవాళ్ళు చెప్పారు, శబరి పొంగిందని.

పటం మళ్ళీ తీయండి. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి త్రయంబకంలో పుడుతుంది. 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన నేలమీద పడిన వాన చివరికి ఈ నదిలోకి చేరుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి వచ్చి కలిసేది భద్రాచలానికి ఎగువన. ఒడిశా కొండల్లో పుట్టిన శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. ఆపైన ఈ నీళ్ళన్నిటికీ పాపికొండల సందు ఒక్కటే దారి. ఎగువన ఎర్రనేలలమీద కురిసిన తొలకరి వాన మట్టిని కడుక్కుని వస్తుంది. అందుకే తొలివరదను గోదావరి జిల్లాలవాళ్ళు ఎర్రనీరు అంటారు.

ఇక ఆ నీరు రావడానికి ఎంతసేపు పడుతుంది? నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతోందనుకోండి. 150 కిలోమీటర్ల దూరం రావడానికి 75,000 సెకన్లు పడుతుంది. అంటే దాదాపు 21 గంటలు. నిన్న ఎక్కడో పడిన వాన ఇవాళ రాత్రి నక్షత్రాల కింద మీ పడక దగ్గరికి వస్తుంది! నదిపక్కన ఉన్నప్పుడు మన తలమీది ఆకాశాన్ని ఒక్కదాన్నే చూస్తే చాలదు.

సందులో నీరు ఎందుకు అంత లేస్తుంది?

ఒక చిన్న లెక్క చేద్దాం. నదిలోకి కొత్తగా సెకనుకు 1,000 ఘనపు మీటర్ల నీరు వచ్చిందనుకోండి. క్యూసెక్కుల్లో చెబితే ఇది సుమారు 35 వేలు. నీటి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. ఆ నీరు పోవడానికి నది మధ్యచ్ఛేదంలో కొత్తగా 500 చదరపు మీటర్ల వైశాల్యం కావాలి.

నది వెడల్పు 1,000 మీటర్లున్నచోట నీరు అరమీటరు లేస్తే ఆ వైశాల్యం దొరుకుతుంది. వెడల్పు 250 మీటర్లే ఉన్నచోటో? 2 మీటర్లు లేవాలి! నిజానికి వేగం కూడా పెరుగుతుంది కాబట్టి లెక్క కొంత మారుతుంది. కాని సంగతి మీకు అర్థమైంది కదా? రాజమండ్రిలో మోకాలులోతు పెరుగుదల, కొండల సందులో మనిషిని ముంచేటంత అవుతుంది.

వేగం పెరగడం మరో ప్రమాదం. పారే నీరు మనిషిని తోసే బలం వేగపు వర్గంతోపాటు పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. ఈతవచ్చినవాళ్ళకు కూడా వరదనీరు లొంగనిది ఇందుకే. 2019 సెప్టెంబరు 15న ఇదే కొండల్లో కచ్చులూరు దగ్గర, నది వరదలో ఉన్నప్పుడు, పర్యాటకుల పడవ మునిగింది. ఎన్నో కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చింతచెట్టే కళ్ళముందు కనిపించింది.

తిన్నె ఒడ్డు కాదు

ఇప్పుడు ఆ సాయంత్రం నాకు తట్టని సంగతికి వద్దాం. ఆ తిన్నెమీద గరుకు ఇసుక, గులకరాళ్ళు ఉన్నాయి. వేగంగా పోయే నీరే వాటిని మోయగలదని నేనే చెప్పాను. అయితే వాటిని ఆ తిన్నెమీదకు తెచ్చిందెవరు? వరదనీరు! అంటే మేము గుడారం వేసినచోటు నది ఒడ్డు కాదు, నది అడుగు. నీరు తగ్గిన నెలల్లో నది దాన్ని ఖాళీగా వదిలింది, అంతే. పొదకొమ్మలకు చిక్కిన గడ్డి కూడా అదే మాట చెప్పింది. కిందటేడు వరద ఎంత ఎత్తున పోయిందో నది అక్కడ గుర్తుపెట్టింది. మా అబ్బాయి దాన్ని చదవబోయాడు. పిట్టగూడని చెప్పి నేనే ఆపేశాను.

ఈ సంగతి గుడారం వేసుకునేవాళ్ళకే కాదు, మనందరికీ వర్తిస్తుంది. ధవళేశ్వరానికి దిగువన గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న కోనసీమ మొత్తం ఎలా ఏర్పడింది? వేల సంవత్సరాలపాటు వరదలు తెచ్చి పరిచిన ఇసుక, ఒండ్రుమట్టే కదా! మన కొబ్బరితోటలు, వరిచేలు, ఇళ్ళు అన్నీ గోదావరి పరిచిన పరుపుమీదే ఉన్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ రెండుసార్లూ లంకలు మునిగాయి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. రేడియోలో, టీవీలో ఆ అంకెలు విన్నప్పుడు అవి ఎక్కడో కాగితంమీది లెక్కలని అనుకోకండి. మా అమ్మాయి వెదురు బద్దమీది గాట్లకు అవి పెద్దన్నలు.

విడిది చేసేముందు

పోలవరం పనులు సాగాక ఆ కొండల్లో నీటిమట్టం మారింది. నేను చూసిన తిన్నె ఇవాళ మీకు అలాగే కనిపించకపోవచ్చు. కాని ఏ నదైనా, ఏ వాగైనా ఈ మాటలు గుర్తుంచుకోండి.

1. ఇసుకమీద గుడారం వేయకండి. పచ్చగడ్డి, పెద్దచెట్లు ఉన్న ఎత్తుచోటు చూసుకోండి.

2. కొమ్మలకు చిక్కిన చెత్త ఎంత ఎత్తున ఉందో చూడండి. దానికన్నా పైన పడుకోండి.

3. పైకి పోయే దారి పగలే చూసి పెట్టుకోండి. నీరు చుట్టుముట్టే లంకమీద రాత్రి ఉండవద్దు.

4. ఎగువన వాన ఉందా, ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారా అని ముందుగా కనుక్కోండి.

5. తేటనీరు రంగు మారినా, ఆకులు, నురుగు తేలినా, హోరు పెరిగినా వెంటనే పైకి వెళ్ళండి. సామాను కోసం ఆగవద్దు.

6. అన్నిటికన్నా ముందు, అక్కడివాళ్ళను అడగండి. ఆ పెద్దాయన ఏ బళ్ళోనూ చదువుకోలేదు. కాని ఆ నదిని ఆయన చదివినట్టు నేను చదవలేదు.

మీరు చేయండి

మీ ఊరు సముద్రానికి దగ్గరైతే, ఒక ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళండి. రేవు మెట్ల పక్కన కొలకర్ర కట్టి, గంటకొకసారి నీటిమట్టం రాసుకోండి. గ్రాఫు కాగితంమీద గీయండి. అలలాంటి గీత వస్తుంది. ఒక పోటునుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుందని తెలుస్తుంది. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజూ అంతే ఆలస్యంగా ఉదయిస్తాడు కదూ!

ఇప్పుడు ఆ గీత పక్కనే మా అమ్మాయి కొలతలు గీయండి: అయిదింటికి 0, ఆరింటికి 1, ఏడింటికి 3, ఎనిమిదింటికి 7. పోటు గీత పైకి వెళ్ళేకొద్దీ మెల్లబడి కిందికి వంగుతుంది. ఈ గీత గంటగంటకూ ఇంకా నిటారుగా లేస్తుంది. ఆ రాత్రి ఈ నాలుగు అంకెలూ నా కళ్ళముందే ఉన్నాయి. నేను వాటిని చూశాను కాని చదవలేదు. చదివినది మా అమ్మాయి.

ఆ తరవాత నా తరగతిలో ఏ పిల్ల, ఏ పిల్లవాడు లేచి "అదెలా మాష్టారూ?" అని అడిగినా నేను పాఠం ఆపేసి వింటున్నాను. మీరు కూడా అడగడం మానకండి.